నగరి కంప్యూటర్‌లో ఆడిన వీడియో

దెయ్యాలంటే నాకు భయం లేదని గొప్పలు చెప్పుకోను. భయపడాలంటే ముందు అవి ఉన్నాయని నమ్మాలి కదా. నేను నమ్మేదాన్ని కాదు. చిన్నప్పుడు మా అవ్వ కథ మొదలుపెట్టగానే "నువ్వు సూసినావా అవ్వా? నీ కండ్లతో సూసినావా?" అని అడ్డం పడేదాన్ని. ఎవరైనా "మా మేనమామ కళ్ళారా చూశాడు" అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎప్పుడూ మేనమామే ఎందుకు చూస్తాడు, నువ్వెందుకు చూడవు అని ముఖం మీదే అడిగేస్తాను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. ఇందులో మేనమామ లేడు. జరిగింది నాకే.

పైగా నా ఉద్యోగమే ఎవరి మాటా నమ్మకపోవడం. తిరుపతిలో ఒక చిన్న గేమ్ కంపెనీలో పనిచేస్తాను. కంప్యూటర్‌లో ఆడుకునే ఆటల్లో మధ్యమధ్య చిన్న వీడియోలు వస్తాయి. ఆట కాసేపు ఆగి కథ నడుస్తుంది. ఆ వీడియో మా ఆఫీసులో బ్రహ్మాండంగా ఆడుతుంది. అదే కొనుక్కున్నవాళ్ళ ఇంట్లో తెర నల్లబడి మాటలు మాత్రమే వినిపిస్తాయి, లేదా బొమ్మ వస్తుంది గానీ మాట రాదు. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం కంప్యూటర్, ఒక్కోదానికి ఒక్కో రోగం. ఎవరింట్లో అయినా సరే ఆ వీడియో ఆడేలా చూడటం నా పని.

ఈ పనిలో ఒక నియమం ఉంది. వీడియో ఆడిందా అని కంప్యూటర్‌ని అడిగితే ఆడేశానంటుంది. నల్లటి తెర చూపించి కూడా ఆడేశాననే అంటుంది. కాబట్టి మనిషి దాని ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా కళ్ళతో చూడాల్సిందే. మధ్యలో లేచినా, ఫోన్ చూసుకున్నా, మళ్ళీ మొదటి నుంచి చూడాలి. పెళ్ళైన కొత్తలో మా ఆయన "వీడియోలు చూస్తే జీతమిస్తారా?" అని నవ్వాడు. ఒకే వీడియోని రోజంతా చూసి చూడు, తల ప్రాణం తోకకొస్తుంది అన్నాను.

మా ఆఫీసు రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఒక సందులో, రెండో అంతస్తులో ఉంది. కింద రామచంద్రయ్య అనే పెద్దాయన స్టీలు గిన్నెల అంగడి. మేమున్న చోటు ఒకప్పుడు ఆయన గోడౌనే. వెనక గదిలో ఇత్తడి, రాగి సామాను దాచేవాడట. అందుకని దానికి కిటికీ లేదు, ఇనుప తలుపు ఉంది. బయటవైపు బరువైన ఇనుప పట్టీ. తలుపు విసురుగా పడితే ఆ పట్టీ దానంతటదే జారి కొక్కెంలో కూర్చుంటుంది. లోపలున్నవాళ్ళు తీసే దారి లేదు.

ఆ గదిలోనే మా పాత కంప్యూటర్లన్నీ పెట్టాం. మూతపడిన నెట్ సెంటర్ల నుంచి, రిపేరు షాపుల నుంచి ఏరుకొచ్చినవి. వాటికి నెట్ ఇవ్వం, కావాలనే. నెట్ ఇస్తే తమంతట తామే కొత్తవైపోతాయి, జనాల ఇళ్ళల్లో ఉండే పాత రోగాలు మాకు కనిపించవు. అన్నింటికన్నా పాత సీపీయూ డబ్బా ఒకటుంటే దాన్ని తలుపు పడిపోకుండా అడ్డం పెట్టేవాళ్ళం.

మా ఆట ఒక కోట కథ. అందులో ఒక చెలికత్తె నేలమాళిగలో చిక్కుకుపోతుంది. తలుపు బాదుతుంది, కేకలు పెడుతుంది. ఆడేవాడు అది చూసి, తాళంచెవి వెతికి ఆమెను బయటికి తేవాలి. తాళంచెవి ఎక్కడుందో ఆ వీడియోలోనే తెలుస్తుంది గనక, దాన్ని చూడకుండా దాటేసే వీలు లేకుండా పెట్టాం.

బొమ్మలు గీసేవాళ్ళు వీడియో పూర్తిచేసి ఇచ్చేదాకా ఆట ఆగకూడదు కదా. అందుకని ఆ చోట ఒక డమ్మీ వీడియో పెడతారు. ఎవరో ఒకరు ఫోన్‌లో తీసేసింది. ఈ కోట వీడియోకి డమ్మీ నేనే. చుడీదార్ వేసుకుని, మా వెనక గదిలో ఇనుప తలుపు బాదుతూ "తలుపు తీయండి" అని రెండు మూడు సార్లు అరిచి, ఆపుకోలేక నవ్వేశాను. ఫోన్ పట్టుకుని తీసింది మునిరత్నం.

ముని నా పక్క సీటు. ఆటలోకి వీడియోలు ఎక్కించే పని అతనిది. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. నేను ఒరే అనే పిలుస్తాను. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని, ఒకరి డబ్బాలో కూర ఒకరు తిని, సొంత తమ్ముడి కన్నా ఎక్కువైపోయాడు. అసలు వీడియో రాగానే డమ్మీని తీసేసింది కూడా అతనే. నేను పక్కనుండి చూశాను.

ఆట విడుదలకు ముందు కొంతమందికి ఆడి చూడమని ఇచ్చాం. వాళ్ళలో నగరి నుంచి ఢిల్లీబాబు అనే అతను ఒకడు. ఇంట్లోనే పవర్‌లూమ్ మగ్గాలు నడుపుకుంటాడు, ఖాళీ దొరికితే ఆటలాడతాడు. అతని దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక మగ్గాలు టకటకలాడుతున్నాయి.

"అక్కా, కోట వీడియో మారిపోయినట్టుండాది. బొమ్మ కాదు, నిజం మనిషే వస్తా ఉండాది. సీర కట్టుకోనున్న అక్క ఒకామె ఇనప తలుపు బాదతా ఉండాది. మాయమ్మ సూసి శానా బయపడిపొయ్యింది. ఏందో రవ్వంత సూడండి."

మేం పడి పడి నవ్వాం. నా డమ్మీ ఎక్కడో మిగిలిపోయిందన్నమాట. చీర అన్నది మాత్రం తప్పు, నా చున్నీ చూసి అలా అనుకుని ఉంటాడు. ముని ముఖం చిన్నబోయింది. అతనికి ఇచ్చిన కాపీ అంతా వెతికాం. డమ్మీ లేదు. అసలు వీడియో ఒక్కటే ఉంది. తెరను ఫోన్‌తో తీసి పంపమన్నాం. అతను పంపినదాంట్లో తెర మొదటి నుంచి చివరిదాకా నల్లగా ఉంది. మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా సారుకి చిరాకు పట్టుకుంది. ఒక ఇంట్లో ఇలా ఆడిందంటే ఇంకెన్ని ఇళ్ళల్లో ఆడుతుందో, ఎవరో ఒకరు వెళ్ళి కళ్ళతో చూసి రండి అన్నాడు. న్యాయంగా వెళ్ళాల్సింది నేను. కానీ ఆ రోజు పాకాలలో మా పిన్ని కూతురి శ్రీమంతం. మా ఆయన పాపను తీసుకుని పొద్దున్నే అక్కడికి వెళ్ళిపోయాడు. నేను మధ్యాహ్నం దాకా ఆఫీసులో ఉండి బయల్దేరాలి. అందుకని ముని ఇంటి నుంచి నేరుగా నగరి బస్సెక్కాడు. సారు చెన్నైలో ఉన్నాడు. ఉన్న మిగతా ఇద్దరూ ఇళ్ళ దగ్గర్నుంచే పని.

నేను కొత్త చీర కట్టుకుని ఆఫీసుకొచ్చాను. ఆకుపచ్చ చీర, ఆవపిండి రంగు అంచు. అప్పుడే మొదటిసారి కట్టడం.

ఒక్కదాన్నే ఊరికే కూర్చోలేక, ఢిల్లీబాబు కంప్యూటర్ లాంటిదాంట్లో నేనూ వీడియో వేసి చూద్దామనిపించింది. అతను చెప్పిన పాత మోడల్ మా దగ్గర ఒకే ఒక్కటి ఉంది. తలుపుకి అడ్డం పెట్టిన డబ్బా అదే. దాన్ని లోపలికి లాగి బల్ల మీద పెట్టాను. తలుపు పడకుండా నేను రోజూ కూర్చునే, చక్రాలున్న ఆఫీసు కుర్చీని అక్కడికి జరిపాను. తీగలన్నీ తగిలించి, తెర వెలిగించి, కోట వీడియో దాకా ఆట నడిపించాను.

వీడియో మొదలైంది. కూర్చుని చూడాలి. చెయ్యి వెనక్కి చాచి కుర్చీ లాక్కున్నాను.

తలుపు దడాల్న పడింది. పట్టీ జారిన చప్పుడు కూడా చెవిన పడింది. నమ్మండి, నేను వెనక్కి తిరిగి చూడలేదు. వీడియో నడుస్తోంది కదా, చివరిదాకా చూడాలి. అలవాటు మనిషిని ఎంత గాడిదను చేస్తుందో చూడండి. వీడియో చక్కగా ఆడింది. బొమ్మే, మనిషి కాదు. అంతా అయ్యాక తీరిగ్గా లేచి తలుపు తోశాను.

మొదట నవ్వొచ్చింది. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తర్వాత ఫోన్ కోసం చూస్తే అది బయట నా బల్ల మీద ఛార్జింగ్‌లో ఉంది. గది నిండా కంప్యూటర్లు, ఒక్కదానికీ నెట్ లేదు. బయట ప్రపంచానికి ఒక్క మాట పంపే దారి లేదు. కావాలని అలా పెట్టిందీ నేనే.

సరే, కింద అంగడివాళ్ళకి వినబడదా అని తలుపు బాదాను. ముహూర్తాల రోజులు. అంగడి నిండా పెళ్ళి సామాను కొనేవాళ్ళు. గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను గీమని అరుస్తూనే ఉంది. దానికి తోడు గిన్నెల మోత. నా అరుపు మధ్య అంతస్తు కూడా దాటినట్టు లేదు.

అంతలో కరెంటు పోయింది, వెంటనే వచ్చింది, మళ్ళీ పోయి మళ్ళీ వచ్చింది. బల్ల కింద ఉన్న పాత యూపీఎస్ చిటపటమంది. ఒక ఘాటు వాసన వచ్చింది. చూస్తుండగానే సన్నగా పొగ మొదలైంది. గబగబా ప్లగ్గులన్నీ పీకేశాను. తెరలన్నీ ఆరిపోయాయి. గది చీకటి. పొగ మాత్రం ఆగలేదు. బ్యాటరీ లోపలే ఏదో ఉడుకుతోంది.

నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం. పీల్చే మందు హ్యాండ్‌బ్యాగులో ఉంది. బ్యాగు ఫోన్ పక్కన ఉంది.

అప్పుడు భయమేసింది. పైట ముక్కుకి చుట్టుకుని, చేతులు నొప్పెట్టేదాకా బాదాను. చెప్పుతో బాదాను. తర్వాత కీబోర్డు పీకి దాంతో బాదాను. కీలు ఊడి నా కాళ్ళ మీద పడ్డాయి. బయట నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మోగి ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. ఎవరో నా కోసం అంతగా వెతుకుతున్నారు, నేను నాలుగడుగుల దూరంలో తలుపుకి ఇవతల ఉన్నాను. ఆ మోత వినడం కంటే వినకపోవడమే నయమనిపించింది.

ఆ సమయంలో నేను దేవుణ్ణి పిలవలేదు, మా ఆయన్ని పిలవలేదు. ఎందుకో మునే నోట్లోకి వచ్చాడు. నగరిలో ఉన్నాడని తెలుసు, అయినా "ఒరే ముని, యాడ సచ్చినావురా! రారా, నాకు ఊపిరాడ్లేదురా!" అని గొంతు పగిలేలా అరిచాను. ఇంకా కొన్ని బూతులు కూడా కలిశాయి, అవి ఇక్కడ రాయలేను. పాపకి శ్రీమంతంలో గాజులు వేస్తారు, అమ్మ యాడ అని అడుగుతూ ఉంటుంది అని తలచుకుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే ఊపిరి ఇంకా బిగుసుకుంది. తలుపు కింద వేలెడు సందుంటే నేల మీద పడుకుని అక్కడ ముక్కు పెట్టాను. ఆ తర్వాత అరవడానికి గొంతు రాలేదు. కీబోర్డుతో నెమ్మదిగా కొడుతూ ఉన్నాను.

పట్టీ లేచిన చప్పుడైంది. రామచంద్రయ్య నన్ను భుజాలు పట్టి బయటికి లాగాడు. నేను చెయ్యి చూపిస్తే బ్యాగు తెచ్చిచ్చాడు. రెండు సార్లు మందు పీల్చాక ప్రాణం లేచొచ్చింది. ఆయన కండువాతో నా ముఖానికి విసురుతూ చెప్పాడు.

"మునిరత్నం ఫోన్ జేసినాడమ్మా. 'పెద్దాయనా, పైకి పరిగెత్తు, యనక రూములో అక్క సచ్చిపోతా ఉండాది' అని ఒకటే ఏడుపు. నేను మెట్లెక్కి వచ్చేదాకా ఫోన్ పెట్టనీలేదు. కింద నాకు ఒక్క చప్పుడూ ఇనపళ్ళేదు తల్లీ."

మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతూ నేను ముందు అనుకున్నది ఒకటే. ముని నగరిలో కదా ఉన్నాడు, అతనికెలా తెలుసు?

సాయంత్రం వాడొచ్చాడు. నేను పాకాల వెళ్ళలేదు, మా ఆయనే పాపను తీసుకుని వచ్చేశాడు. ముని మా ఇంటి గుమ్మంలో నిలబడి నా చీరను చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు. పొద్దున అతను నన్ను చూడలేదు, నేరుగా బస్టాండుకి వెళ్ళాడు. కాఫీ ఇస్తే తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు.

ఢిల్లీబాబు ఇంటికి వెళ్ళి తన పేరు చెప్పాడట. "నన్ను సూసి, నా పేరు ఇన్నాడో లేదో ఆయప్ప మొగం మారిపోయిందక్కా. 'ముని అంటే నువ్వేనా అప్పా?' అన్న్యాడు. నాకేం అర్తం కాలే. కంప్యూటర్ ముందర కూసోబెట్టినాడు. కోట దాకా పోతానే నువ్వొచ్చినావు. ఇదే సీర. పైట మూతికి చుట్టుకోనుండావు. చేతిలో కీబోర్డు. పొగ. నన్నే పిలస్తా ఉండావు."

ఎలా పిలిచాను అని అడిగాను. చెప్పాడు. నేను అరిచిన మాటలు అరిచినట్టే, బూతులతో సహా, మా ఆయన ముందే చెప్పాడు. ఆ మాటలు నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. రామచంద్రయ్య తలుపు తీసేసరికి నాకు గొంతే లేదు.

ముని సగంలోనే లేచి వీధిలోకి పరిగెత్తాడట. నాకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. నేనెత్తలేదు. మాకొచ్చే పార్శిళ్ళు అంగడిలోనే తీసుకుంటారు గనక రామచంద్రయ్య నంబరు అతని దగ్గర ఉంది.

"చివరిదాకా చూడకుండా ఎట్లా లేచినావురా, నేను నీకు నేర్పించింది ఇదేనా?" అన్నాను, వాణ్ణి నవ్వించడానికి. వాడు నవ్వలేదు.

మా ఆయన లెక్కలు చెప్పే మనిషి. ముని అక్కడ పాత డమ్మీ చూసి ఉంటాడు, నువ్వు ఫోన్ ఎత్తకపోయేసరికి ఏదో కీడు శంకించి ఉంటాడు, నిన్ను చీరలో చూశాక మిగతాది తనకు తెలియకుండానే కలుపుకున్నాడు అన్నాడు. నేనూ దాన్నే పట్టుకున్నాను. బాగుంది కదా, నాలాంటిదానికి సరిపోయే మాట. కానీ రెండు విషయాలు ముల్లులా గుచ్చుకునేవి. నేను అరిచిన మాటలు ఒకటి. రెండోది, నేను ఆ చీర కొన్నది ఢిల్లీబాబు మెసేజ్ వచ్చిన తర్వాత. చీర కట్టుకున్న అక్క అని అతను అప్పటికే చెప్పాడు.

ఆయాసం తగ్గాక నేనే మునిని లాక్కుని నగరి వెళ్ళాను. వాడు రానన్నాడు. నేను చూడకుండా ఏదీ నమ్మను, పద అన్నాను.

సందులోకి తిరగగానే మగ్గాల చప్పుడు. ఆ వీధంతా అదే మోత, మాట మాట్లాడాలంటే అరవాల్సిందే. ఢిల్లీబాబు ముప్పై దాటిన మనిషి, బక్కగా, మర్యాదగా ఉన్నాడు. నా ముఖం వైపు సరిగ్గా చూడలేకపోయాడు. వాళ్ళమ్మ మాత్రం లోపల్నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు, మణికట్టు తడిమి చూసింది. "బాగుండావా తల్లీ, బాగుండావా" అని ఏడ్చింది. నేను ఆవిణ్ణి అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. చెయ్యి వదిలించుకోవాలనిపించలేదు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కోట వీడియో వచ్చింది. బొమ్మే. మా వాళ్ళు గీసిన చెలికత్తే. మళ్ళీ మళ్ళీ వేశాను. ఆటను తీసేసి మళ్ళీ ఎక్కించి చూశాను. ఫైళ్ళన్నీ మా ఆఫీసులో ఉన్నవాటితో సరిపోయాయి. నా వీడియో అన్నది ఆ డబ్బాలో ఎక్కడా లేదు. ఎప్పుడైనా ఉన్న గుర్తు కూడా లేదు.

"ముని సారు ఆ పొద్దు ఎలబారి పొయినంక ఇట్లే వస్తా ఉండాది అక్కా. నేను అబద్దం చెప్పేవోణ్ణి కాదు," అన్నాడు ఢిల్లీబాబు. అతని గొంతులో కష్టం చూసి నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. ముని సగంలో లేచేశాడు. కానీ ఈయన చాలాసార్లు చూశాడు. దాటేసే వీలు లేని వీడియో అది, చూడక తప్పదు. అంటే చివర్లో ఏముందో ఈ ఇంట్లోవాళ్ళకి తెలుసు.

"చివర్లో ఏం వస్తాది?" అని అడిగాను.

ఢిల్లీబాబు వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వొద్దులే అక్కా, పోదాం పా," అని ముని లేచాడు. నేను లేవలేదు. నా పని అది. చివరిదాకా చూడటం, చూడలేకపోతే చూసినవాళ్ళని అడగటం. చెప్పేదాకా కదలనన్నాను.

ఢిల్లీబాబు లేచి వెళ్ళి మగ్గాలు ఆపించాడు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"తలుపు తెరుచుకుంటాదక్కా. ఈ ముని సారే తీస్తాడు. బుజాన బ్యాగు, చెమట్లు కారిపోతా ఉంటాయి, బస్సు దిగి పరిగెత్తుకోనొచ్చినట్టుంటాడు." తల వంచుకున్నాడు. "నువ్వు లేయవు."

వాళ్ళమ్మ నా పక్కకి జరిగి కూర్చుంది.

"ఆయప్ప నిన్ను లేపతానే ఉంటాడు. అక్కా అక్కా అని లేపతానే ఉంటాడు. దాన్ని దాటేసే దానికి కాదు గదా. ఆట ముందరికి పోవాలంటే అంతా సూడాల. నేను తల తిప్పుకోని కూసుంటా ఉంటి."

ముని బయటికి వెళ్ళిపోయాడు. వాకిట్లో గోడకి ఆనుకుని, చొక్కా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు మళ్ళీ ఊపిరాడలేదు, అంతే. వాళ్ళమ్మ వీపు నిమురుతూ కూర్చుంది.

తిరుగు బస్సు పుత్తూరు దాటింది. తర్వాత వాడే అన్నాడు. "మామూలుగా అయితే అంతా సూసుకోని, తీరిగ్గా బస్సెక్కి వచ్చి చెప్పుంటానక్కా. నువ్వు నేర్పించినట్టే చివరిదాకా సూసుంటే బస్సే ఎక్కుంటా, నేనొచ్చేలోగా ఆయప్ప సూసినట్టే అయిపొయ్యుంటాది."

ఇది జరిగాక మేం ఆ ఇనుప తలుపు తీయించేశాం. ఆ సీపీయూ డబ్బాని విప్పి చూశాను, మామూలు డబ్బానే. రామచంద్రయ్య మనవరాలి పెళ్ళికి ముని, నేను కలిసి వెళ్ళి భోంచేసి వచ్చాం. జీవితం మామూలుగానే ఉంది. ఒక్కటే మారింది. నేను ఆఫీసులో ఒక్కదాన్నే ఉంటే వాడు ఊరు దాటడు. పని ఎంత తొందరైనా ఏదో ఒక సాకు చెప్పి నా పక్కనే కూర్చుంటాడు. పోరా, నీ పని చూసుకో అని కసురుకుంటాను. పోడు. పోకపోతే నాకు హాయిగా ఉంటుంది, ఆ మాట మాత్రం వాడితో అనలేదు.

ఎలా జరిగిందని నన్నడగకండి. తెలిసినవాళ్ళని అడిగాను, తెలివైనవాళ్ళని అడిగాను, చివరికి ఒక పూజారిని కూడా అడిగాను, నేను! ఎవరి మాటా నాకు ఆనలేదు. దెయ్యమంటే చచ్చినవాళ్ళు కదా రావాలి. నేను బతికే ఉన్నాను.

ఆట విడుదలైంది. నేనెన్నడూ చూడని ఊళ్ళల్లో, నేనెరగని ఇళ్ళల్లో ఆడుతున్నారు. ఆ ఇళ్ళల్లో వీడియోలన్నీ ఆడేలా చేసింది నేనే. ఫిర్యాదు వస్తే మాత్రం తెరవడానికి చెయ్యి రాదు, మునిని పిలిచి తెరవమంటాను. ఇంతవరకూ అలాంటిదేమీ రాలేదు. కానీ చెప్పుకోనివాళ్ళూ ఉంటారు కదా. ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక పాత కంప్యూటర్‌లో నేనింకా ఆ తలుపు బాదుతూనే ఉన్నానేమో, ముని ఇంకా బస్సులోనే ఉన్నాడేమో.